సరుకు వచ్చింది, రాత్రికి వండుదాం

"మామా సరుకు వచ్చింది 808 అదిరింది రాత్రికి వండుదాం బయట ఎవరికీ చెప్పకు"

ఒక్క కామా లేదు, ఒక్క ఫుల్‌స్టాప్ లేదు. మా అక్క కొడుకు ఫోన్లో కనిపించిన మెసేజ్ ఇది. వాడికి పంతొమ్మిదేళ్లు. ఫోను టేబుల్ మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. తెర వెలిగింది, నా చూపు పడింది. ఇంకొకరి ఫోను చదవడం తప్పని నాకు తెలుసు. అయినా చదివాను. చదివాక గుండె జారిపోయింది.

దానికి వారం ముందే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక జాబితా పంపారు. "మీ పిల్లలు వాడే రహస్య పదాలు, తల్లిదండ్రులు తప్పక తెలుసుకోండి" అని పైన ఎర్ర అక్షరాలు. ఎడమవైపు పదం, కుడివైపు అర్థం. సరుకు అంటే మత్తుమందు. వండడం అంటే దాన్ని తయారు చేయడం. అర్థం కాని అంకెలు కనిపిస్తే కోడ్ అయి ఉండొచ్చు, జాగ్రత్త. నాది ప్రూఫులు దిద్దే పని. ఇరవై ఏళ్లుగా ఒక పదం మీద అనుమానం వస్తే నిఘంటువు తెరవడమే నాకు తెలిసిన పద్ధతి. ఆ జాబితా కూడా నా కంటికి ఒక చిన్న నిఘంటువులాగే కనిపించింది. నమ్మేశాను.

వాడు తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి నేను తీర్పు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. "ఇది ఏమిటి?" అని అడగలేదు. "ఎంతకాలం నుంచి?" అన్నాను. మీ అమ్మకు ఫోన్ చేస్తున్నా అన్నాను. ఇంకా చాలా అన్నాను, ఇక్కడ రాయలేను. నేను దేని గురించి మాట్లాడుతున్నానో వాడికి అర్థం కావడానికి నిమిషం పైనే పట్టింది. అర్థమయ్యాక ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి హెడ్‌ఫోన్స్ తెచ్చి నా చెవులకు పెట్టాడు. ఫోన్లో ఏదో నొక్కాడు. లోతైన మోత ఒకటి నా పక్కటెముకల దాకా దిగింది. "ఇదీ 808" అన్నాడు.

వాడూ, వాడి స్నేహితులు ముగ్గురూ కంప్యూటర్‌లో బీట్లు కడతారట. సరుకు అంటే కొత్తగా దొరికిన డ్రమ్ శబ్దాల ఫైళ్లు. వండడం అంటే అందరూ కూర్చుని బీట్ తయారు చేయడం. ప్రపంచంలో చాలాచోట్ల ఈ పని చేసేవాళ్లు ఇదే మాట అంటారు, వీళ్లు దాన్ని తెలుగు చేసుకున్నారు. ఎవరికీ చెప్పవద్దన్నది పూర్తికాని ట్యూన్ బయటికి పోకూడదని. ఇక 808 అంటే, జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1980లో తెచ్చిన టీఆర్-808 అనే డ్రమ్ మెషిన్. మూడేళ్లకే దాని తయారీ ఆపేశారు. కానీ దాని బాస్ డ్రమ్ మోత హిప్‌హాప్‌లో పాతుకుపోయింది. ఆ యంత్రాన్ని ఎన్నడూ చూడని కుర్రాళ్లు కూడా ఇప్పుడు అలాంటి లోతైన మోత దేన్నయినా 808 అనే పిలుస్తారు.

"అడిగితే చెప్పేవాణ్ణి కదా మామయ్యా" అన్నాడు. ఆ తర్వాత రెండు నెలలు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఒక్క వాక్యం కోసం. ఒక గుంపు వాడే మాటకు అర్థం ఆ గుంపులో ఉంటుంది, ఎవరు ఎవరితో అన్నారన్న దానిలో ఉంటుంది. ఆ మనుషుల్ని పక్కకు తోసేసి, పదాన్ని ఒక్కదాన్నే పట్టుకొచ్చి, ఎదురుగా ఒక అర్థం రాసిపెడితే అది తెలివి పెంచదు, అనుమానం పెంచుతుంది. ఇలాంటి జాబితాలు ఇళ్లలోనే తిరిగితే నష్టం ఒక ఇంటితో పోతుంది. కానీ అవి బడుల్లో, ఆఫీసుల్లో, పోలీసుల చేతుల్లో, కోర్టుల్లో, యంత్రాల్లో కూడా తిరుగుతున్నాయి.

మనకు ఈ సంగతి తెలియనిది కాదు. రోజూ మనం చేసే పనే. గాయని ప్రాణం పెట్టి పాడితే "చంపేసింది" అంటాం. నటుడు బాగా చేస్తే "ఇరగదీశాడు", "చించేశాడు". బ్యాట్స్‌మన్ "చితక్కొట్టాడు". బాగా నచ్చిన వస్తువు "కత్తి", కాకపోతే "కేక". ఈమధ్య సినిమా అభిమానులు మెచ్చుకోలుగా "అరాచకం", "ఊచకోత" దాకా వెళ్లారు. ఈ మాటలన్నీ ఎడమవైపు పేర్చి, కుడివైపు నిఘంటువు అర్థాలు రాసి, తెలుగు తెలియని ఒక అధికారి చేతిలో పెట్టండి. మనం మెచ్చుకున్న ప్రతిసారీ ఆయనకు నేరం కనిపిస్తుంది. తల్లి బిడ్డతో "చంపేస్తా, అన్నం తిను" అన్నదానికీ, పగవాడు చీకట్లో అదే మాట అన్నదానికీ తేడా మనకు ఏ పుస్తకమూ చెప్పక్కర్లేదు. ఎందుకంటే అక్కడి మనుషులు మనకు తెలుసు.

'మందు' అనే మాట చూడండి. రోగికి ఔషధం, తాగేవాళ్లకు మద్యం, రైతుకు పురుగుల మీద చల్లేది, బాణసంచా చేసేవాళ్లకు పేలే పొడి. 'సరుకు' కూడా అంతే. వర్తకుడికి అమ్మే వస్తువు, తాగేవాళ్ల మధ్య సీసా. "ఆ కవిలో సరుకు లేదు" అంటే ప్రతిభ. మా వాడి గదిలో డ్రమ్ము మోత. ఈ అర్థాల్లో ఏది 'అసలైనది' అన్న ప్రశ్నకు జవాబు లేదు. ప్రూఫులు దిద్దేవాడిగా ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఒకే మాట వేరువేరు గుంపుల్లో ఎంత దూరం పోగలదో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ స్మర్ఫ్. బెల్జియం కార్టూనిస్టు పేయో 1958లో బొమ్మల కథల్లోకి తెచ్చిన చిన్న చిన్న నీలి మనుషులు వాళ్లు. ఆ పేరు పుట్టుక కూడా సరదా సంగతే. ఒకసారి భోజనాల బల్ల దగ్గర పేయోకు ఉప్పు అన్న మాట నాలుక మీదికి రాలేదట. స్నేహితుడితో "ఆ ష్ట్రూంఫ్ ఇలా ఇవ్వు" అన్నాడు. లేని మాట అది. ఇద్దరూ ఆ రోజంతా అదే మాటతో ఆడుకున్నారు. ఆ ష్ట్రూంఫే ఇంగ్లీషులో స్మర్ఫ్ అయింది. కథలో ఆ నీలి మనుషులు కూడా ఏ పదం స్థానంలోనైనా 'స్మర్ఫ్' వాడేస్తారు, వాళ్లలో వాళ్లకు అర్థమైపోతుంది.

ఆ తర్వాత ఆ పేరు మూడు దారుల్లో పోయింది. అమెరికాలో 10,000 డాలర్లు దాటిన నగదు లావాదేవీని బ్యాంకు ప్రభుత్వానికి తెలపాలి. దాన్ని తప్పించుకోవడానికి పెద్ద మొత్తాన్ని చిన్న ముక్కలు చేసి, చాలామంది చేత వేరువేరు చోట్ల జమ చేయిస్తారు. ఆ చిన్న చేతులు స్మర్ఫులు, ఆ నేరం స్మర్ఫింగ్. 1990ల్లో ఒక కంప్యూటర్ యుద్ధం ఆటలో ఇద్దరు ఆటగాళ్లు బాగా పేరు మోశారు. ఆ పేర్లు చూడగానే ఎదుటివాళ్లు ఆట వదిలిపోతుండటంతో స్మర్ఫుల పేర్లు పెట్టుకుని కొత్తవాళ్లలా దిగారు. అప్పటినుంచి గేమర్లకు స్మర్ఫ్ అంటే కొత్త ఖాతాలో దాక్కున్న పాత ఆరితేరినవాడు. అదే దశాబ్దం చివర్లో నెట్‌వర్క్ భద్రత చూసేవాళ్లకు స్మర్ఫ్ అంటే ఒక రకం దాడి, లెక్కలేనన్ని చిన్న జవాబుల్ని ఒకేసారి ఒక కంప్యూటర్ మీదికి మళ్లించి దాన్ని కూలదోయడం. ఇప్పుడు బ్యాంకులో పనిచేసే తండ్రి, నెట్‌వర్క్ ఇంజనీరైన తల్లి, గేమర్ కొడుకు ఒకే గదిలో ఉన్నారనుకోండి. "నిన్న రాత్రంతా స్మర్ఫింగ్ చేశా" అని కొడుకు అంటే తండ్రి చెవికి అది ఒక నేరం, తల్లి చెవికి ఇంకో నేరం. కొడుకు చేసింది మహా అయితే ఆటలో కాస్త అన్యాయం.

ఒకే రంగంలో కూడా మాట తిరగబడొచ్చు. అమెరికా ఆటల్లో ఒకప్పుడు 'గోట్' అంటే జట్టును ఓడించినవాడు, బలిమేక అన్న అర్థంలో. ఇప్పుడు గోట్ అంటే అందరికన్నా గొప్పవాడు, 'గ్రేటెస్ట్ ఆఫ్ ఆల్ టైమ్' మొదటి అక్షరాలు కలిపితే వచ్చేది. బాక్సర్ ముహమ్మద్ అలీ భార్య 1992లో ఆయన పేరు మీది వ్యాపారాలు చూడటానికి పెట్టిన సంస్థకు ఈ పేరే పెట్టారు. తాత తిట్టు అనుకున్నది మనవడికి పూజ.

ఈ జాబితాల రోగం పాతది. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతపు భూస్వామి థామస్ హార్మన్ 1567లో దేశదిమ్మరుల గురించి ఒక పుస్తకం అచ్చువేశాడు. తన గుమ్మం ముందుకు వచ్చిన బిచ్చగాళ్లనూ, ఊరూరా తిరిగేవాళ్లనూ ప్రశ్నించి, వాళ్లు వాడే మాటలు రాసుకుని, పక్కన అర్థాలు పెట్టాడు. ఉద్దేశం స్పష్టం, వీళ్లు మోసగాళ్లు, వీళ్ల మాటలు తెలిస్తే మీరు జాగ్రత్త పడొచ్చు. ఆ జాబితాలో బట్టలకు 'డడ్స్' అన్న మాట ఉంది, తాగడానికి 'బౌస్' అన్న మాట ఉంది. డడ్స్ ఇప్పటికీ మామూలు ఇంగ్లీషులో ఉంది, బౌస్ 'బూజ్' అయి అందరి నోళ్లలో తిరుగుతోంది. దొంగల రహస్య భాష అని భయపెట్టిన దానిలో బట్టల పేరూ తాగుడు పేరూ ఉండటం నన్ను ఆలోచింపజేసింది. వాళ్లకూ చలి వేసేది, దాహం వేసేది. వాటికి మాటలు కావాలి కదా.

నాలుగు వందల ఏళ్ల తర్వాత కథ ఇంకోలా జరిగింది. 1992 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక గ్రంజ్ అనే ఒక రకం రాక్ సంగీతం గురించి రాస్తూ, ఆ కుర్రకారు వాడే మాటలంటూ ఒక పట్టిక వేసింది. పత్రిక విలేకరి ఫోన్ చేసి అడిగింది ఆ సంగీత రంగంలోనే పనిచేసే మేగన్ జాస్పర్ అనే యువతిని. అలాంటి ప్రత్యేకమైన భాష ఏదీ లేదు. ఆమె అక్కడికక్కడే మాటలు పుట్టించి చెప్పింది. పాత చిరిగిన జీన్స్‌కు 'వ్యాక్ స్లాక్స్' అని, ఊరికే కాలక్షేపం చేయడానికి 'స్వింగింగ్ ఆన్ ద ఫ్లిప్పిటీ ఫ్లాప్' అని. అన్నీ అచ్చయ్యాయి. మరుసటి ఏడాది ఇంకో పత్రిక అసలు సంగతి బయటపెట్టింది. ఆ విలేకరి అడగలేదా అంటే అడిగాడు. కానీ "మీరు ఏం మాట్లాడుకుంటారు?" అని అడగలేదు, పట్టిక నింపడానికి మాటలు కావాలని అడిగాడు. అడిగినదే దొరికింది. మా వాట్సాప్ జాబితాలో ఉన్న మాటల్లో ఎన్ని నిజంగా ఏ పిల్లలైనా వాడేవి అన్న ప్రశ్న నాకు ఈ సంఘటన చదివాకే తట్టింది.

నా మాటకు ఎదురు చెప్పేవాళ్లు ఉన్నారు. మా అక్కే చెప్పింది. "నిజంగానే మత్తుమందు అయి ఉంటే? నీ హెడ్‌ఫోన్స్ కథ అప్పుడేం చెప్పేది?" అంది. న్యాయమైన ప్రశ్న. దాచడానికి పుట్టిన మాటలు ఉన్నాయి, ద్వేషానికి కోడ్‌గా వాడే గుర్తులు ఉన్నాయి. వాటిలో అందరికీ తెలిసింది 88. ఇంగ్లీషు అక్షరమాలలో హెచ్ ఎనిమిదోది. రెండు హెచ్‌లు కలిస్తే హిట్లర్‌కు జేజేలు కొట్టే నినాదం మొదటి అక్షరాలు. నయా నాజీలు ఈ అంకెను పచ్చబొట్టు పొడిపించుకుంటారు, ఖాతా పేర్లలో పెట్టుకుంటారు. దీన్ని గుర్తుపట్టడం అవసరమే, కాదనను.

కానీ అదే 88 సరదాకు సొంత రేడియోలతో దూరదూరాలకు మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్ల మధ్య "ప్రేమతో, ముద్దులతో" అని సెలవు తీసుకోవడం. టెలిగ్రాఫ్ రోజుల నుంచి వచ్చిన సంకేతం అది. చైనా కుర్రాళ్ల చాటింగ్‌లో 88 అంటే బైబై, ఎందుకంటే వాళ్ల భాషలో ఎనిమిదిని రెండుసార్లు పలికితే "బా బా" అని వినిపిస్తుంది. ఎనిమిది వాళ్లకు శుభసంఖ్య కూడా. పియానో వాయించేవాళ్లకు 88 అంటే పియానోయే, దానికి ఉన్న మెట్లు అన్ని కాబట్టి. ఇక 1988లో పుట్టినవాళ్లు తమ ఈమెయిల్ చివర ఆ అంకె పెట్టుకుంటే దానికి ఏ అర్థమూ లేదు, వయసు తప్ప. నాజీ కోడ్ తెలిసిన మనిషి ఈ ఐదుగురిలో ఒకణ్ణి పట్టుకోగలడు. ఆ ఒక్క అర్థమే తెలిసిన మనిషి మిగతా నలుగురినీ కూడా పట్టుకుంటాడు. మా అక్కకు నేను చెప్పింది ఇదే. అనుమానం వస్తే దగ్గరికి వెళ్లి చూడటానికి జాబితా ఒక కారణం కావచ్చు, ఆరోపణకు ఆధారం కాకూడదు. నేను ఆ రోజు అడిగి ఉంటే, వాడు తడబడి ఉంటే, అప్పుడు ఇంకో ప్రశ్న అడిగేవాణ్ణి. అడగడం వల్ల నాకు తప్పిపోయేది ఏమీ లేదు.

దాచడానికి పుట్టిన భాషల సంగతి కూడా ఒకసారి చూడాలి, ఎందుకంటే వాటిని అందరూ నేరస్థుల భాషలనే అనుకుంటారు. బ్రిటన్‌లో పోలారి అని ఒకటి ఉండేది. నాటకాలవాళ్లు, సర్కస్‌వాళ్లు, ఓడల్లో పనిచేసేవాళ్లు, ముఖ్యంగా స్వలింగ సంపర్కులైన మగవాళ్లు మాట్లాడుకునేవాళ్లు. 'బోనా' అంటే బాగుంది, 'వాడా' అంటే చూడు. 1967 దాకా ఇంగ్లండ్, వేల్స్‌లలో వాళ్ల బంధం చట్టరీత్యా నేరం. పక్కనున్నవాడు పోలీసు కావచ్చు. మాట దాచుకోకపోతే జైలు. 1960ల నడిమిలో బీబీసీ రేడియోలో ఒక హాస్య కార్యక్రమం ఈ భాషను లక్షల ఇళ్లలోకి తీసుకెళ్లింది. చట్టం మారింది, మాటలు అందరికీ తెలిసిపోయాయి, పోలారి అవసరం తగ్గిపోయి మెల్లగా వెనకబడింది. నేరం అన్నది ఆ మాటల్లో ఎప్పుడూ లేదు, వాటిని దాచుకోవలసిన గతి పట్టించిన చట్టంలో ఉంది.

ఫ్రాన్సు కుర్రాళ్లది ఇంకో పద్ధతి. పదాన్ని ముక్కలు చేసి తిరగేస్తారు. దాని పేరే అలా పుట్టింది. తిరగేయడం అన్న అర్థంలో 'లాన్‌వేర్' అనే మాటను తిరగేస్తే 'వేర్‌లాన్'. చిన్నప్పుడు మనం ప్రతి అక్షరం ముందూ 'క' చేర్చి "కనుకవ్వు కరా" అని పెద్దవాళ్ల ముందు మాట్లాడుకున్న క భాషకు దగ్గరి చుట్టం అనుకోండి. అరబ్బు మూలాలున్న పిల్లలు ఆ పద్ధతిలో తమను తాము 'బెర్' అని పిలుచుకున్నారు. 1980ల్లో పత్రికలు ఆ మాట ఎత్తుకున్నాయి, నిఘంటువులూ ఎక్కించుకున్నాయి. బయటివాళ్ల నోట్లో పడగానే పిల్లలకు అది తమదిగా అనిపించలేదు. దాన్నే మళ్లీ తిరగేసి 'రెబె' అన్నారు. జాబితా రాసేవాడు చేరుకునేసరికి మాట అక్కడ ఉండదు. ఇది దొంగాట కాదు. మా గదికి మేం తలుపు పెట్టుకుంటాం అనడం, అంతే. పంతొమ్మిదేళ్ల వయసులో నాకూ అలాంటి తలుపు ఉండేది.

ఇప్పుడు అసలు బాధపెట్టే విషయానికి వస్తాను. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. అమెరికాలోని లూయిజియానా రాష్ట్రంలో పోలీసులు ప్రశ్నిస్తుండగా ఒక నల్లజాతి యువకుడు, నేను చేశానని మీరు అనుకుంటే, నేను చేయలేదని నాకు తెలుసు, మరి నాకు ఒక లాయర్ని ఇప్పించొచ్చు కదా అన్నాడు. చివర 'డాగ్' అని చేర్చాడు. వాళ్ల మాటల్లో అది ఒక పిలుపు, మనం 'గురూ' అన్నట్టు, 'మామా' అన్నట్టు. అక్కడి చట్టం ప్రకారం నిందితుడు లాయర్ కావాలని స్పష్టంగా అడిగితే ప్రశ్నించడం ఆపాలి. ఆపలేదు. 2017 అక్టోబరులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు అతని అభ్యర్థన వినడానికి నిరాకరించింది. ఒక న్యాయమూర్తి విడిగా రాస్తూ, అతను 'లాయర్ డాగ్' అన్నది అస్పష్టంగా ఉందన్నారు. 'అనుకుంటే' అన్న షరతు కూడా ఆ అస్పష్టతలో భాగమని కోర్టు వైపు నుంచి వాదించేవాళ్లు ఉన్నారు. ఆ కేసులో అతను దోషా కాదా అన్నది నాకు తెలిసే విషయం కాదు. కానీ ఆ రెండు మాటల మధ్య ఒక కామా ఉండాలి. "లాయర్ని ఇప్పించు, మామా" అని మనవాడు అంటే, వీడు లాయర్ అయిన మేనమామను అడిగాడేమో స్పష్టంగా లేదు అని ఎవరైనా రాస్తే మనకు ఎలా ఉంటుంది? నోటితో అన్నప్పుడు కామా వినిపిస్తుంది. కాగితం మీద పెట్టాల్సింది ఎదుటివాడు. నా జీవితమంతా కామాలు పెట్టడంలోనే గడిచింది. ఒక కామా ఒక మనిషి హక్కుకు ఇంత దగ్గరగా ఉంటుందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇది ఒక్క న్యాయమూర్తి సంగతి కాదు. ఫిలడెల్ఫియా కోర్టుల్లో సాక్షుల మాటలు అక్షరం తప్పకుండా రాసే అధికార లేఖకుల మీద భాషా శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన చేసి 2019లో ప్రచురించారు. నల్లజాతివాళ్ల మాట తీరులో ఉన్న వాక్యాలు వినిపించి రాయమన్నారు. మొత్తం వాక్యం సరిగ్గా వచ్చినవి అరవై శాతం లోపే. ఆ ఉద్యోగానికి ఉండాల్సిన కచ్చితత్వం 95 శాతం. "అతను ఆ పేట వైపు ఉండడు" అన్న అర్థం వచ్చే వాక్యం "మేం ఈ పేటలో ఉండబోతున్నాం" అని కాగితం మీద పడింది. అది సాక్ష్యం అయితే ఏమవుతుందో ఊహించండి.

యంత్రాలకు కూడా మనం ఇదే నేర్పుతున్నాం. సోషల్ మీడియాలో తిట్లూ ద్వేషమూ పట్టుకునే ప్రోగ్రాములు నల్లజాతి వాడుక భాషలో రాసిన మామూలు మాటల్ని ఎక్కువగా తిట్ల కింద జమ కడుతున్నాయని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు 2019లోనే చూపించారు. ఆ పరిశోధనలో నాకు ముఖ్యంగా అనిపించింది ఇంకోటి. ఆ వాక్యాలు చూసి ఇది తిట్టా కాదా అని గుర్తులు పెట్టే మనుషులకు, ఇవి ఏ మాట తీరులో రాసినవో ముందుగా ఒక మాట చెబితే, తిట్టు అని గుర్తుపెట్టడం తగ్గింది. పదాలు మారలేదు, వాక్యాలు మారలేదు. ఎవరి మాట అన్నది తెలిసింది, అంతే. ఇక పదాల్ని చూసి నిషేధించే చోట మాటలు ఊరికే వేషం మారుస్తాయి. చావు గురించి రాస్తే వీడియో కిందికి పోతుందేమోనన్న భయంతో పిల్లలు 'అన్‌అలైవ్' అనడం మొదలుపెట్టారు. చావు గురించిన బాధ ఎక్కడికీ పోలేదు, దాన్ని నేరుగా చెప్పుకునే మాట పోయింది.

అలాగని పదాలు సేకరించడమే తప్పని నేను అనను. అది నా పొట్టకూటి పనికి పక్కింటి పని. 1785లో యాసమాటల నిఘంటువు అచ్చువేసిన ఫ్రాన్సిస్ గ్రోస్ రాత్రిపూట లండన్ సందుల్లో, సారాయి అంగళ్లలో తిరిగి మాటలు విన్నాడని చెబుతారు. విన్నాడు, అదీ గొప్ప. మన దగ్గర భాషా శాస్త్రజ్ఞుడు భద్రిరాజు కృష్ణమూర్తి గారు నడిపిన మాండలిక వృత్తిపదకోశం ఉంది. వ్యవసాయ పదాల సంపుటి 1962లో వచ్చింది. పని చేసేవాళ్ల దగ్గరికే వెళ్లి, నాగలిలో ఈ భాగాన్ని మీరేమంటారు అని అడిగి రాసుకున్న పుస్తకం. ఏ మాట ఏ ప్రాంతంలో అంటారో పక్కనే ఉంటుంది. ఒక పనిముట్టుకు ఇక్కడ ఒక పేరు, అక్కడ ఇంకో పేరు. ఏదీ తప్పు కాదు, ఏదీ రహస్యం కాదు. మా వాట్సాప్ జాబితాలో లేనిది ఆ 'పక్కనే ఉన్నది'. ఈ మాట ఎవరు అంటారు, ఎవరితో అంటారు, ఎప్పుడు అంటారు అన్న గడి అందులో ఒక్కటి కూడా లేదు.

ఒక టీచర్‌కో, ఒక మేనేజర్‌కో ప్రతి పిల్లవాణ్ణీ, ప్రతి ఉద్యోగినీ కూర్చోబెట్టి అడిగే తీరిక ఉంటుందా అని ఒక స్నేహితుడు అన్నాడు. శిక్ష వేసే తీరిక ఉన్నవాళ్లకు ప్రశ్న వేసే తీరిక ఉండాలి. దీనిలో నేను వెనక్కి తగ్గను.

మా వాడికి నేను క్షమాపణ చెప్పాను. ఒకసారి కాదు. మొదటిసారి "సర్లే మామయ్యా" అన్నాడు. అది సర్లే కాదని నాకు అర్థమైంది. తర్వాత నేను ఒక పని చేశాను. వాడి దగ్గర కూర్చుని, నాకు నేర్పు అన్నాను. కిట్ అంటే ఏమిటి, డ్రాప్ అంటే ఏమిటి, లూప్ ఎక్కడ కోస్తారు. 'ట్రాప్' అనే సంగీతానికి ఆ పేరు అట్లాంటా నగరంలో మత్తుమందులు అమ్మే ఇళ్ల నుంచే వచ్చిందని వాడే చెప్పాడు. నేను అడగకముందే, కళ్లలోకి చూస్తూ. ఆ ఇళ్ల మధ్య పెరిగినవాళ్లు తమ బతుకు పాటగా కట్టుకున్నారని, ఇప్పుడు తాము ఆ తాళం మాత్రం తీసుకున్నామని అన్నాడు. ఏ జాబితాలోనూ ఇంత నిజాయితీగా రాసి ఉండదు. నా పాత నోట్‌బుక్‌లో ఆ మాటలన్నీ రాసుకున్నాను, ఒక్కోదాని పక్కన వాడి పేరూ తేదీ వేసి.

నిన్న రాత్రి పదకొండింటికి నాకు ఒక మెసేజ్ వచ్చింది. ఆడియో ఫైలు, దాని కింద ఒక లైను. "మామా సరుకు రెడీ విను".

మామయ్యా కాదు, మామా. వాడు నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు, అది వాడి స్నేహితుల పిలుపు. తొందరలో పొట్టిగా రాశాడో, కావాలనే రాశాడో తెలియలేదు. "ఇది చుట్టరికం మామానా, మీ గదిలో మామానా?" అని అడిగాను. రెండు టిక్కులూ నీలంగా మారాయి. జవాబు ఇంకా రాలేదు. ట్యూన్ మాత్రం మూడుసార్లు విన్నాను. 808 అదిరింది.